వృత్తి గడి, నేరం గడి: ద్వీపాంతరం వెళ్ళిన మన పూర్వీకుల రికార్డుల గురించి ఆర్కైవ్స్ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖల సంచాలకులకు, న్యూఢిల్లీలోని భారత జాతీయ ఆర్కైవ్స్ అధికారులకు

గౌరవనీయులారా,

నమస్కారం. ఈస్టిండియా కంపెనీ కాలం మొదలుకొని మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల నుంచి ద్వీపాంతర శిక్ష (సముద్రం దాటించి దూర ప్రాంతాలకు పంపే శిక్ష) పడి పినాంగు, సింగపూరు, బర్మాలోని మౌల్‌మెయిన్, అండమాను దీవులకు వెళ్ళిన ఖైదీలందరి పేర్లతో ఒక సమగ్ర సూచిక తయారు చేయించి, దానిని సామాన్య ప్రజలకు అందుబాటులో ఉంచవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఆ సూచికలో పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకాలతో పాటు ప్రతి ఖైదీ వృత్తి, అతను చేశాడని కోర్టు తేల్చిన నేరం పక్కపక్కనే ఉండాలన్నది నా ముఖ్యమైన విన్నపం. పేర్ల పట్టిక అడిగేవారు ఇంతకు ముందూ ఉండి ఉంటారు. వృత్తి గడిని, నేరం గడిని విడదీయవద్దని ఎందుకు ఇంతగా అడుగుతున్నానో వివరించడానికే ఈ లేఖలో ఎక్కువ భాగం వినియోగించుకుంటాను.

మన ప్రాంతంలో ద్వీపాంతరం అనగానే అండమాను, అండమాను అనగానే సెల్యులార్ జైలు గుర్తుకు వస్తాయి. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. అప్పటికే అండమాను ఖైదీల స్థావరానికి దాదాపు అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. 1858 మార్చి 10న ఆ స్థావరపు అధికారిగా డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అక్కడ దిగాడు. దానికంటే ఎంతో ముందే మద్రాసు నుంచి ఓడలు తూర్పు తీరాలకు ఖైదీలను మోస్తూ ఉండేవి. 1825 ఏప్రిల్‌లో సుమత్రా దీవిలోని బెంకూలెన్ నుంచి సింగపూరుకు తరలించిన మొదటి జట్టులోని ఎనభై మందీ మద్రాసు ప్రెసిడెన్సీలో ద్వీపాంతర శిక్ష పడినవారే. సింగపూరులోని ఖైదీల శాఖను 1873లో మూసివేసి, మిగిలినవారిని అండమానుకు పంపారు. మన శిక్షాస్మృతిలో ద్వీపాంతర శిక్ష అన్న మాట 1955 సవరణ దాకా కొనసాగి, ఆ తరువాతనే యావజ్జీవ కారాగారంగా మారింది. ఇంత సుదీర్ఘ కాలంలో గంజాం నుంచి నెల్లూరు దాకా, కడప, కర్నూలు, బళ్ళారి సీమల నుంచి వెళ్ళినవారు ఎందరో, వారు ఎవరెవరో ఇంటింటి జ్ఞాపకంలో లేదు. ఉన్న ఆధారమల్లా మీ అలమరాల్లోని కాగితాలే.

ఆ కాలపు ప్రభుత్వం ఖైదీ నేరాన్ని ఎవరూ మరిచిపోకుండా చూసుకుంది. కంపెనీ పాలనలో యావజ్జీవ శిక్ష పడినవారి నుదుటిపై నేరం పేరును వారి సొంత భాషలోనే పచ్చబొట్టుగా పొడిపించేవారు. ఈ పద్ధతి 1849లో రద్దయింది. ఆ తరువాత అండమానులో మెడకు తగిలించిన కొయ్య బిళ్ళ మీద ఖైదీ నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష తేదీ చెక్కి ఉండేవి. చూసిన ప్రతివాడికీ అతని నేరమేదో తెలియాలన్నదే ఈ రెండు పద్ధతుల ఉద్దేశం. అతను ఊళ్ళో ఉండగా ఏ పని చేసి బతికేవాడో నుదుటి మీదా, బిళ్ళ మీదా ఎక్కడా ఉండదు. ఆ వివరం కావాలంటే రిజిస్టరులోని ఒక చిన్న గడిలో వెతకాలి. ఈనాడు కుటుంబాలు పూర్వీకుల కోసం వెతికేటప్పుడు కూడా సెక్షను నంబరే ముందు దొరికి, వృత్తి దొరక్కపోతే, ఆ కొయ్య బిళ్ళ మరో తరం మెడలో పడినట్టే.

వృత్తి గడిని ఆనాటి అధికారులు సానుభూతితో నింపలేదన్నది నిజమే. ఎవరి చేత ఏ పని చేయించుకోవచ్చో వారికి తెలియాలి. కారణమేదైనా, ఆ అవసరం వల్లనే మనకు ఒక విలువైన ఆధారం మిగిలింది. సింగపూరులో భారతీయ ఖైదీలు రాళ్ళు కొట్టారు, ఇటుకలు కాల్చారు, వడ్రంగం, కమ్మరం, నేత, తాళ్ళ పేనకం చేశారు. అక్కడి సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్‌ను 1856 నుంచి 1862 దాకా కట్టింది వారే. ఆ చర్చి లోపలి గోడలకు పూసిన పూతను మద్రాసు సున్నం అనేవారు. ఇసుక కలపకుండా ఆల్చిప్పల సున్నం తీసుకుని, గుడ్ల తెల్లసొన, ముడి చక్కెర చేర్చి ముద్దగా నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో పలుచన చేసి గోడకు పూసేవారు. పూత ఆరుతుండగా నున్నని రాళ్ళతోనూ స్ఫటికంతోనూ గంటల తరబడి రుద్దుతూ, మధ్యమధ్య మెత్తని బలపపు రాతి పొడి చల్లుతూ అద్దంలా మెరుగు తెచ్చేవారు. మన పాత మిద్దెలకు, మండువా లోగిళ్ళకు సున్నం పని చేసిన మేస్త్రీల మనవలకు ఈ వర్ణన కొత్తగా అనిపించదు.

అయితే ఆ గోడల దగ్గర పనిచేసిన వారిలో ఎవరు ఆ విద్యను తమ ఊరి నుంచే తీసుకువెళ్ళారు, ఎవరు సంకెళ్ళతో దిగిన తరువాత అక్కడ నేర్చుకున్నారు? వెళ్ళేటప్పుడు నమోదు చేసిన వృత్తిని, అక్కడ చేయించిన పనిని ఒకే పేరు కింద చూడగలిగితే తప్ప ఈ ప్రశ్నకు జవాబు రాదు. మొదటి కాగితం సాధారణంగా మద్రాసు న్యాయ శాఖ దస్త్రాల్లోనూ, రెండవది ఖైదీ చేరిన దీవికి సంబంధించిన దస్త్రాల్లోనూ ఉంటాయి. రెండింటినీ కలిపే పని ఒక కుటుంబం చేయగలిగేది కాదు. మీలాంటి సంస్థలు మాత్రమే చేయగలవు.

మా కుటుంబం సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. మా ముత్తాత తండ్రి కడప జిల్లాలో నేతగాడు. మా ఇంట్లో ఆయన ప్రస్తావన ఎప్పుడైనా వస్తే పెద్దలు "బందిపోటు కేసులో దీవులకు పోయినాడు" అని చెప్పి ఊరుకునేవారు. పెద్దల అమావాస్యనాడు వరసగా పేర్లు చెప్పి నీళ్ళు వదిలేటప్పుడు ఆయన పేరు దాటవేసేవారు. ఎప్పుడు పోయాడో తెలియదు కనుక తిథి లేదు, చేసింది బందిపోటుతనం కనుక పేరు లేదు. చాలా కాలం తరువాత ఒక పాత దస్త్రంలో ఆయన వివరాలున్న కాగితం చూసే అవకాశం నాకు కలిగింది. అందులో వయసు ఇరవై ఎనిమిది, వృత్తి నేత, శిక్షాస్మృతి 395వ సెక్షను, సంవత్సరం 1877 అని ఉంది. జొన్న బస్తాలతో వెళ్తున్న ఒక బండిని ఊరి బయట ఆపి బస్తాలు దించుకున్నారన్నది అభియోగం. ముద్దాయిలు ఆరుగురు.

ఈ నాలుగు వివరాలను పక్కపక్కన పెట్టి చూస్తేనే వాటి అర్థం తెలుస్తుంది. ఆనాటి భారత శిక్షాస్మృతి 391వ సెక్షను ప్రకారం ఐదుగురు గానీ అంతకు మించి గానీ కలిసి చేసిన దోపిడీయే బందిపోటు దోపిడీ. అదే పని నలుగురు చేస్తే నేరం పేరు వేరు, శిక్షా వేరు. ఐదో మనిషి చేరగానే 395వ సెక్షను వర్తించి, యావజ్జీవ ద్వీపాంతరం దాకా శిక్ష వేయగలిగేవారు. ఇక 1877 అంటే 1876–78 మహాక్షామం నడిమి సంవత్సరం. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు ఆ కరువులో ఎంతగా నాశనమయ్యాయో చరిత్ర చదివినవారికి తెలుసు. ఆ ఏడాది ఆరంభంలో, భారత ప్రభుత్వం కరువు ప్రాంతాలకు పంపిన ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ సలహాపై కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కూలి తగ్గించారు. కరువులో అందరికంటే ముందు పూట గడవనిది నేతగాడికే. జనం తిండికే వెతుక్కుంటుంటే బట్ట కొనేవాడు ఉండడు. కరువు పనికి పోయి రాళ్ళు కొడితే మగ్గం మీద నూలు పట్టవలసిన వేళ్ళు పాడవుతాయి. ఈ సంగతి ఆనాటి మద్రాసు ప్రభుత్వానికీ తెలుసు. అందుకే కొన్ని చోట్ల నేతగాళ్ళకు నూలు అప్పుగా ఇచ్చి, బట్ట తామే కొనే ఏర్పాటు విడిగా చేసింది. ఆ ఏర్పాటు అందరికీ అందలేదు.

ఆయన చేసింది నేరం కాదని నేను వాదించడం లేదు. ఆ బండివాడికీ ఇంట్లో పిల్లలు ఉండి ఉంటారు, ఆ రాత్రి అతను భయపడి ఉంటాడు, దెబ్బలు తిని ఉంటాడు. నేరం గడిని కొట్టివేయమని గానీ మెత్తబరచమని గానీ నేను అడగను. "395" అన్న అంకె ఒక్కటే మా ఇంటికి చేరినప్పుడు ఆయన మాకు బందిపోటు అయ్యాడు. "నేత, 1877, జొన్న బస్తాలు" అన్న మాటలు ఆ అంకె పక్కన చేరిన తరువాత ఆయన మాకు మా మనిషి అయ్యాడు. కాగితం చూసి వచ్చాక మా పెద్దమ్మకు అన్నీ చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు విని, "మగ్గం ఎవరికి అమ్మినారో రాయలేదా నాయనా?" అని మాత్రం అడిగింది. ఆవిడ అడిగిన వివరం ఏ కోర్టు కాగితంలోనూ ఉండదని నాకు తెలుసు. కానీ వృత్తి గడి చదివి ఉండకపోతే ఆవిడ మనసులో ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

మరొక కుటుంబం కోసం ఒక కార్యాలయానికి వెళ్ళినప్పుడు జరిగిన చిన్న సంగతి కూడా ఈ సందర్భంలో చెప్పాలి. అక్కడ బల్ల దగ్గర ఉన్నాయన నన్ను మొదట అడిగిన ప్రశ్న, "ఆయన స్వాతంత్ర్య సమరయోధుడా?" కాదన్నాను. "మరి దేనికండీ వెతకడం?" అన్నాడాయన. ఆ మాటలో చులకన లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం మన సమాజమంతటిలోనూ ఉందని నా అభిప్రాయం. సెల్యులార్ జైలు ఫలకాల మీద రాజకీయ ఖైదీల పేర్లు చెక్కారు. అది చేయవలసిన పనే, ఆ పేర్ల ముందు నిలబడి నేనూ నమస్కరించాను. మరి ఆ జైలు కట్టకముందు అడవులు నరికి, చిత్తడి నేలలు పూడ్చి, 1883లో మొదలైన చాథమ్ రంపపు మిల్లులో దుంగలు కోసి, మలేరియాతో పోయిన వేలాది మంది సాధారణ ఖైదీలకు ఫలకాలు లేవు. వారికి ఫలకాలు పెట్టమని నేను అడగడం లేదు. వారి పేర్లు వెతికితే దొరికేటట్టు చేయమని మాత్రం అడుగుతున్నాను.

పైగా రాజకీయ ఖైదీ, మామూలు ఖైదీ అన్న విభజన పాత కాగితాల్లో అంత స్పష్టంగా ఉండదు. 1879 మార్చిలో గోదావరి మన్యంలో లేచిన రంప పితూరీనే చూడండి. రంప ప్రాంతపు దొర అయిన మన్సబ్‌దారు వసూళ్ళు, కల్లు మీద వేసిన చిగురుపన్ను, తరతరాలుగా సొంతానికి గీసుకున్న జీలుగు చెట్టుకే ప్రభుత్వానికి డబ్బు కట్టవలసి రావడం, పోలీసుల వేధింపులు కలిసి కొండ ముఠాలను (గ్రామ సముదాయాలను) తిరుగుబాటుకు దింపాయి. అణచివేత తరువాత ఎందరినో ద్వీపాంతరం పంపారు. వారి నేరం గడిలో ప్రభుత్వంపై యుద్ధమో, బందిపోటు దోపిడీయో, గృహదహనమో, హత్యో రాసి ఉండవచ్చు. ఒకే తిరుగుబాటులో పట్టుబడిన ఇద్దరికి రెండు వేర్వేరు సెక్షన్లు పడితే, ఈనాటి సూచికల్లో ఒకరు యోధుడిగా, మరొకరు దొంగగా మిగిలిపోతారు. వృత్తి గడిలో ఇద్దరికీ పోడు సేద్యమనే ఉంటే, ఊళ్ళు పక్కపక్క ఊళ్ళయి ఉంటే, తేదీలు కలిస్తే, ఆ ఇద్దరూ ఒకే కథలోని వారని పరిశోధకుడు గుర్తించగలడు. 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచి శిక్ష పడిన గిరిజనుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అండమాను ఖైదీలను నేరాన్ని బట్టి రెండు పెట్టెల్లో వేసే సూచిక ఏది తయారైనా అది ఆనాటి పోలీసు నిర్ణయాన్ని మన చేతులతో మళ్ళీ ధ్రువీకరించినట్టు అవుతుంది.

మనవారి విషయంలో వృత్తి గడి అవసరానికి మరొక బలమైన కారణం ఇంటిపేరు. ఆనాటి గుమాస్తాలు చాలా కాగితాల్లో ఇంటిపేరు రాయలేదు. వ్యక్తి పేరు, మహా అయితే తండ్రి పేరు, ఇంగ్లీషువాడి చెవికి వినబడిన తీరున రాసి సరిపెట్టారు. ఒక్క తాలూకాలో వెంకటసామి కొడుకు వీరన్నలు ఎందరు ఉండేవారో ఊహించుకోవచ్చు. రాజమహేంద్రవరం, మచిలీపట్నం, ఏలూరు, కడప పేర్లు పాత కాగితాల్లో ఎలా ఉంటాయో కొద్దిగా అలవాటైనవారు పోల్చుకుంటారు గానీ, చిన్న పల్లెల పేర్లు దాదాపు గుర్తుపట్టలేని రూపంలో ఉంటాయి. ఇంటిపేరు లేక, ఊరు తేలక, పేరు నమ్మకంగా చెప్పలేని స్థితిలో కుమ్మరి వీరన్న వేరు, గొల్ల వీరన్న వేరు అని తేల్చి చెప్పేది వృత్తి ఒక్కటే. అది తీసివేసిన సూచికలో ఒక కుటుంబం తనది కాని మనిషిని తనవాడనుకుని తీసుకుపోయే ప్రమాదం ఉంది. అటువంటి పొరపాటు ఒకసారి వంశవృక్షంలోకి ఎక్కితే దానిని దించడం ఎంత కష్టమో ఈ పని చేసేవారందరికీ తెలుసు.

స్త్రీల విషయం విడిగా చెప్పాలి. ద్వీపాంతరం వెళ్ళిన ఆడవారు మగవారికంటే చాలా తక్కువ. శిశుహత్య కేసులో, భర్తను చంపిన కేసులో శిక్ష పడినవారు వారిలో గణనీయంగా ఉండేవారు. శిశుహత్య అన్న మాట వెనుక మళ్ళీ పెళ్ళికి నోచుకోని బాల వితంతువు బతుకు ఎంత తరచుగా ఉండేదో కందుకూరి వీరేశలింగం గారి కాలపు సమాజం గురించి చదివిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆడ ఖైదీ కాగితంలో వృత్తి గడి తరచు ఖాళీగా ఉంటుంది, లేదా ఫలానావాని భార్య అని ఉంటుంది. ఆ ఖాళీని కూడా ఖాళీగానే సూచికలో చూపించండి. వృత్తి లేదు అని మాత్రం రాయవద్దు. నాట్లు వేసి, కోతలు కోసి, రాట్నం వడికిన మనిషిని పని లేనిదని రెండోసారి నమోదు చేసే తప్పు మనం చేయకూడదు. అండమానులో విడుదల చీటీ (జైలు బయట సొంతంగా బతికే అనుమతి) పొందిన ఖైదీలకు, ఆడ ఖైదీలకు ప్రభుత్వం అనుమతితో పెళ్ళిళ్ళు జరిగి, వారి పిల్లలే అక్కడ లోకల్ బార్న్ అనే సమాజంగా ఎదిగారు. వేర్వేరు భాషల తల్లిదండ్రుల ఇళ్ళలో హిందూస్తానీయే ఇంటి భాష అయింది. స్వాతంత్ర్యం తరువాత ఉత్తరాంధ్ర నుంచి బతుకుదెరువుకు వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగువారితో వీరికి సంబంధం లేదు. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా తెలుగు ఊరి పేరొకటి మూలంగా ఉన్న కుటుంబాలు ఆ దీవుల్లో ఉన్నాయి. ఈ సూచిక అవసరం వారికి మనకంటే ఎక్కువ.

ఇది అసాధ్యమైన కోరిక కాదని చూపడానికి ఆస్ట్రేలియాను ఉదాహరణగా చెబుతాను. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ అక్కడికి పంపిన ఖైదీలు సుమారు 1,62,000 మంది. అక్కడి కుటుంబాలు కూడా తరాల తరబడి ఆ సంగతిని మచ్చగా దాచుకున్నాయి. ఇప్పుడు టాస్మానియా రాష్ట్ర ఆర్కైవ్స్ రిజిస్టర్లను ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడవచ్చు. అందులో ఖైదీ పేరు, వయసు, ఎత్తు, పుట్టిన ఊరు, వృత్తి, నేరం, తన నేరం గురించి తాను చెప్పుకున్న మాట, దీవిలో చేసిన తప్పులు, వాటికి పడిన శిక్షలు కనిపిస్తాయి. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 దాకా జరిగిన విచారణల నివేదికలు కూడా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. కనుక ఒక కుటుంబం కోర్టు కథనాన్ని ఒక చోట, దీవి రిజిస్టరును మరొక చోట చదివి కలుపుకోగలదు. ఫ్రాన్సిస్ గ్రీన్‌వే అనే వాస్తుశిల్పి ఫోర్జరీ నేరంపై శిక్ష పడి 1814లో సిడ్నీలో దిగాడు. గవర్నరు అతని వృత్తిని గుర్తించి పని అప్పగించడంతో, నేడు ప్రపంచ వారసత్వ కట్టడాల్లో ఒకటైన హైడ్ పార్క్ బ్యారక్స్ తయారైంది. 1966లో వచ్చిన పది డాలర్ల నోటు మీద అతని బొమ్మ వేశారు. నేరాన్ని దాచకుండా, వృత్తిని మరవకుండా ఒక మనిషిని గౌరవించడం సాధ్యమేనని ఇది చూపుతున్నది.

ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక హెచ్చరిక కూడా చేస్తారు, అది మనకూ వర్తిస్తుంది. వృత్తి గడిలోని మాట చాలాసార్లు ఖైదీ స్వయంగా చెప్పినది. సుఖమైన పని దొరుకుతుందన్న ఆశతో రాని విద్య వచ్చునన్నవారూ, కష్టమైన పనికి పంపుతారేమోనన్న భయంతో వచ్చిన విద్య దాచినవారూ ఉన్నారు. నేరం గడిలోని మాట పోలీసులది, కోర్టుది. రెండూ మనుషులు చెప్పిన మాటలే, రెండింటినీ పరీక్షించాలి. ఒకదానిని మరొకదానితో సరిచూసుకునే అవకాశం ఇవ్వడమే ఆర్కైవ్స్ చేయగల గొప్ప సహాయం.

కులం గడి గురించి మాట్లాడకుండా ఈ లేఖ పూర్తి కాదు. మద్రాసు కాగితాల్లో కులం ఉంటుంది, కొన్నిసార్లు వృత్తికి బదులు కులమే ఉంటుంది. 1911 నేరస్త జాతుల చట్టం మద్రాసుకు వర్తించిన తరువాత ఎరుకల మొదలైన సమాజాలను పుట్టుకతోనే నేరస్తులుగా చూసి, స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. ఆ చట్టాలు 1952లో రద్దయినా మచ్చ ఇంకా పోలేదు. కనుక కులం, నేరం మాత్రమే కనబడే సూచిక ప్రకటిస్తే ఆ సమాజాలకు కొత్తగా హాని జరుగుతుంది. దీనికి విరుగుడు కాగితాలను మూసిపెట్టడం అనుకోను. ఎరుకలవారు ఒకప్పుడు తీరం నుంచి లోపలి ఊళ్ళకు ఉప్పు, లోపలి నుంచి ధాన్యం పశువుల మీద మోసి అమ్మేవారు, బుట్టలు అల్లేవారు. రైళ్ళు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగిసి, ఆ వర్తకం చితికిపోయింది. ఈ వృత్తి చరిత్రను నేరం పక్కన ఉంచితే చదివేవాడికి పూర్తి బొమ్మ కనిపిస్తుంది. ఏం చేయాలన్నా ఆ సమాజాల పెద్దలను, చదువుకున్న యువతను సంప్రదించి, వారి అంగీకారంతో చేయడం మంచిది. నూరేళ్ళలోపు రికార్డుల్లో పేర్లు బహిరంగం చేయకుండా, వారసులు కోరితే మాత్రమే చూపే నియమం పెట్టుకోవచ్చు.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయం. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు న్యాయశాఖ దస్త్రాలున్నాయి. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడే వరకు పెద్ద శిక్షలను ఖరారు చేసిన ఫౌజుదారీ అదాలత్ తీర్పుల నివేదికల్లో నేరం జరిగిన తీరు వివరంగా ఉంటుంది. న్యూఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ విభాగపు దస్త్రాలున్నాయి, వాటిలో కొన్నింటిని అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇప్పటికే చూడవచ్చు. తెలుగు రాష్ట్రాల ఆర్కైవ్స్‌లో జిల్లా రికార్డులున్నాయి. 1942 నుంచి 1945 దాకా జపాను ఆక్రమణలో అండమానులోని స్థానిక రికార్డులు చాలావరకు నశించాయి కనుక, ఈ గట్టున మిగిలిన కాగితమే రెండు గట్లకూ ఆధారం. నాలుగు సంస్థలు కలిసి ముందుగా ఒకటి రెండు జిల్లాలను, ఒక చిన్న కాలవ్యవధిని తీసుకోవచ్చు. నా సూచన కడప, కర్నూలు జిల్లాల 1870ల రికార్డులు, లేదా గోదావరి జిల్లా 1879–81 రికార్డులు. కాగితం పొడి అవుతున్న సంపుటాలను ముందు ఫొటో తీయించాలి, సూచిక తరువాత నిదానంగా చేసుకోవచ్చు.

సూచిక ఇంగ్లీషులో ఉన్నా, తెలుగు లిపిలో పేరు కొట్టి వెతికితే దొరికే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. కాగితంలో ఉన్న స్పెల్లింగును అలాగే ఉంచి, పక్కన గుర్తించిన తెలుగు ఊరి పేరును, మండలాన్ని విడిగా రాయాలి. గుర్తింపు అనుమానంగా ఉంటే అనుమానమనే రాయాలి. వృత్తుల పేర్లను కూడా ఇలాగే చేయాలి. ఇంగ్లీషు గుమాస్తా కూలీ అని ఒక్క ముక్కలో తేల్చినవారిలో పాలేరు, జీతగాడు, బావులు తవ్వే ఒడ్డెరవాడు, పడవ నడిపే పల్లెకారి అందరూ ఉండవచ్చు కనుక, ఇతర కాగితాల్లో అసలు వృత్తి దొరికితే దానిని చేర్చే వీలు ఉంచాలి. ఈ గుర్తింపు పనికి విశ్వవిద్యాలయాల చరిత్ర విద్యార్థులు, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు, గ్రామ కరణాల కుటుంబాల వారు ఎంతో ఉపయోగపడతారు. పాత మరాఠీ మోడి లిపి రాతలు, గొలుసుకట్టు రాతలు చదవగలిగినవారు ఇంకా కొందరు ఉన్నారు, వారి వయసు రీత్యా ఆలస్యం చేయడం మంచిది కాదు.

చివరగా ఒక నియమం గురించి. ప్రభుత్వ రికార్డుల చట్టం 1993 ముప్పై ఏళ్ళు దాటిన బహిరంగ రికార్డులను నిజమైన పరిశోధకులకు అందుబాటులో ఉంచుతుంది. విశ్వవిద్యాలయం ఉత్తరం తెచ్చినవాడు నిజమైన పరిశోధకుడని సులభంగా గుర్తింపు పొందుతాడు. తన తాతల ఆచూకీ కోసం పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన రైతుకో, నేత కార్మికుడికో, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరం రాసిన ఒక ఉపాధ్యాయురాలికో ఆ గుర్తింపు అంత తేలిక కాదు. గుర్తింపు కార్డు, వెతుకుతున్న పూర్వీకుని గురించి తెలిసిన వివరాలతో ఒక పేజీ దరఖాస్తు ఇచ్చిన వారసులను కూడా పరిశోధకులుగానే పరిగణిస్తామని మీ నాలుగు సంస్థలూ ఒక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. దీనికి కొత్త భవనం అక్కరలేదు, నిధుల కేటాయింపు కోసం వేచి ఉండనక్కరలేదు. సూచిక తయారయ్యేలోపు ఈ ఒక్క ఉత్తర్వు వచ్చినా, వెతుకుతున్నవారు తమ వంతు పని మొదలుపెట్టగలరు. వారు సేకరించిన వివరాలను మీ సూచికకే తిరిగి అందించేలా ఒక ఫారం కూడా పెడితే, నాకు దొరికిన కాగితం నకలు, దాని సంపుటి వివరాలు మొదటగా నేనే సమర్పిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
కడప జిల్లాకు చెందిన ఒక నేత కుటుంబీకుడు